రాస్ కొండ మీది మరియమాత గుడి

విశాఖ కతోలిక అగ్రపీఠం అయి పాతికేళ్లు నిండుతున్న ఈ వేళ పెద్ద గుళ్ల గురించి, బడుల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను కోరి రాస్తున్నది రేవు ముఖద్వారం పైనున్న చిన్న గుడి గురించి. విశాఖవాళ్లు దాన్ని కొండగుడి అంటారు.

పాతపట్నం అంచున మూడు గుట్టలు వరసగా ఉన్నాయి. దక్షిణం కొసన ఉన్నది రాస్ కొండ. 1864లో రాస్ దొర దానిమీద ఇల్లు కట్టుకున్నాడు. కొండకు ఆయన పేరే నిలిచింది. తర్వాత ఆ ఇల్లే ప్రార్థనాలయమైంది. గుడిగా పుట్టిన కట్టడం కాదు గనుక దీని ఘనతను కొలతల్లో వెతకకూడదు. అది చోటులో ఉంది. దొర గాలికోసం, చూపుకోసం ఎంచుకున్న చోటే ఓడలవాళ్ల కళ్లకు ఆనింది. తెల్లటి ఆ గోడలు నీటిమీంచి చక్కగా కనిపిస్తాయి.

ఈ గుడి పుట్టేనాటికి విశాఖకు రేవే లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుషులూ సరుకూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరాల్సిందే. మేకు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన పడవలవి. మేకులు కొట్టిన పడవైతే ఆ కెరటాల దెబ్బకు పగిలేది, కుట్టినదైతే వంగి తట్టుకునేది.  సముద్రం మీద బతికేవాళ్ల మొక్కు ఎంత గట్టిదో ఆ ప్రయాణాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రేవు కట్టేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర అలల ఉరవడి ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. అంటే గుడి రేవును వెతుక్కుంటూ రాలేదు, రేవే వచ్చి గుడి పాదాల దగ్గర ఆగింది! ఇప్పుడు ఓడలు కాలువలో మెల్లగా కదులుతుంటే, ముందు టగ్గు, వెనక టగ్గు, డెక్కు మీద మోకులు సర్దుతున్న మనుషులు కొండమీంచి స్పష్టంగా కనిపిస్తారు. నెలల తరబడి నీళ్లమీద ఉన్నవాడికి విశాఖలో ముందు ఎదురయ్యేది డాల్ఫిన్స్ నోస్, ఆ వెంటనే ఈ తెల్లగోడ.

నడిమి గుట్ట మీద ఇసాక్ మదీనా దర్గా ఉంది. వచ్చిపోయే ఓడలు ఆ దర్గాలోని వలీకి మూడుసార్లు జెండా ఎత్తి దించేవనీ, ప్రయాణం క్షేమంగా ముగిశాక హిందూ ఓడల యజమానులు వెండి దోనెలు సమర్పించేవారనీ పాత జిల్లా గెజిటీరు చెబుతుంది. మూడో గుట్ట మీది వెంకటేశ్వరస్వామి గుడిని 1866లో కెప్టెన్ బ్లాక్‌మూర్ కట్టించాడంటారు. మూడు మతాల మొక్కులూ ఒకే నీటికి ఎదురుగా నిలబడటం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఏటా డిసెంబరు 8న అమలోద్భవి మరియమాత పండుగకు జనం కొండెక్కుతారు. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఉంటారు.

2033తో రేవుకు నూరేళ్లు. ఆలోపు కొండగుడి గోడల కొలతలు, పాత ఫొటోలు, ఓడల్లో పనిచేసి రిటైరైనవాళ్లు చెప్పే మొక్కుల కథలు ఒకచోట చేర్చాలి. పాతపట్నంలో ఆ పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.