రూపమును గుణమును: తెలుగు పాత్రల చరిత్ర

మొగము చూచి మనసు తెలిసికొనవలెనను కోరిక మనుష్యునకు మిగుల ప్రాచీనమైనది. కవులును దీని నెఱిగినవారే. వాల్మీకి రామాయణమున సీతకు నమ్మకము గలుగుటకై హనుమంతుడు రాముని అంగలక్షణములను వర్ణించి చెప్పెను. దుర్బోధ చేసిన మంథరకు గూని చెప్పబడినది. సద్గుణమునకు సురూపము, దుర్గుణమునకు కురూపము అను సంప్రదాయమున కిది మూలము.

అయినను ఆ కావ్యమే ఈ సంప్రదాయమును శంకించినది. రావణుని కొలువున హనుమంతుడు అతని రూపమును, తేజమును చూచి అచ్చెరువందెను. అధర్మమొక్కటి లేకున్న నతడు లోకముల నేలదగినవాడని తలచెను. రాజలక్షణములన్నియు గల దేహమున ధర్మము మాత్రము లేదు. సీతను గొనిపోవ వచ్చినప్పుడు ఆతడు ధరించినది సన్న్యాసివేషము. వేషమును నమ్మి భిక్షయిడవచ్చిన యిల్లాలు మోసపోయినది.

13వ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వమును తెనిగించెను. ఆ కథలో బృహన్నల వేషము దాల్చవలసిన అర్జునునకు ఒక చిక్కు గలదు. వింటినారి రాపిడిచే అతని రెండు చేతులును కాయలు గాచినవి. వానిని గాజులతో కప్పవలసి వచ్చెను. ఈ గుర్తు పుట్టుకతో వచ్చినది కాదు, సాధనతో వచ్చినది. నాగలి పట్టిన అరచేతిని, మగ్గముపై వంగిన వీపును ఎఱిగినవారికి ఇందలి సత్యము వేఱుగ చెప్పనక్కఱలేదు. దేహము గుణమును తెలుపుననిన, పనిచే ఏర్పడిన ఇట్టి గుర్తులే తెలుపును.

15వ శతాబ్దమున పోతన భాగవతమున కుచేలుని కథను చెప్పెను. ఎండిన మేను, చినిగిన వస్త్రము, కొంగున మూడిన అటుకులు ఇవియే అతని ఆకారము. చూచువారికి దైన్యమే కానవచ్చును. శ్రీకృష్ణుడు మాత్రము చెలికాని దూరముననే గుర్తించి, ఎదురేగి, కౌగిలించి, కాళ్లు కడిగెను. ఇచ్చట రూపముకంటె చూచువాని దృష్టి ప్రధానమైనది.

ఈ మార్పు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న సంపూర్ణమైనది. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ఈ నాటకము 1909లో పెంచి వ్రాయబడినది. గిరీశమునకు ఇంగ్లీషు మాటలే అలంకారము; వానిని చూచి వెంకటేశము మురిసెను, అగ్నిహోత్రావధానులు ఇంట చోటిచ్చెను. లుబ్ధావధానులు పెండ్లియాడినది ఆడువేషము వేసిన బాలుని. వేశ్యలను దరిజేరనీయని సౌజన్యారావు పంతులుకడకు మధురవాణి పురుషవేషమున బోయి, లుబ్ధావధానులు హత్యానేరమునుండి బయటపడుమార్గము చూపెను. గిరీశము గుట్టును బయటపెట్టినదియు ఆమెయే. పెద్దమనుష్యులు చేయని మేలును సంఘము వెలివేసిన స్త్రీ చేసినది.

పాత్రల రూపమును ఈ క్రమమున పరిశీలించినచో సాహిత్యము నేర్పిన పాఠము స్పష్టమగును. కులమునుబట్టియు, బట్టనుబట్టియు, మేనిరంగునుబట్టియు మనుష్యుని వెలకట్టు అలవాటు ఊళ్లలో నేటికిని పోలేదు. పెండ్లిచూపులయందును, కూలివానిని పలుకరించు తీరునందును అది కానవచ్చుచునే యున్నది. గ్రంథాలయమున నొక పుస్తకము తెఱచువానికి అట్ట చూచి కథ తెలియదు, చదివిననే తెలియును. మనుష్యుని విషయమునను ఆపాటి ఓర్పు చూపుటయే పఠనమునకు ఫలము.