పెత్తనానికి పొలిమేర

1960ల నడిమి సంవత్సరాల్లో ఒకనాడు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విచిత్రం జరిగింది. అక్కడ సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ నడిచే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి టైపు మిషన్ల ద్వారా వాడుకునేవాళ్లు. లాగిన్ కాగానే ఆనాటి కబురు ఒకటి కాగితం మీద అచ్చయ్యేది. ఆ రోజు కబురుకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ వరసగా అచ్చయి వచ్చాయి.

ఇందులో దొంగ ఎవరూ లేరు. యంత్రం బాగోగులు చూసే ప్రోగ్రామర్లంతా ఒకే డైరెక్టరీలో పనిచేసేవాళ్లు. అక్కడి ఎడిటర్ ప్రోగ్రాం తన తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక మనిషి ఒకే సమయంలో రెండు ఫైళ్లు దిద్దడు కదా అన్నది దాన్ని రాసినవాళ్ల లెక్క. ఆ రోజు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు పాస్‌వర్డ్ ఫైలు దిద్దుతున్నారు, ఇంకొకరు ఆనాటి కబురు. ఒకరి ఫైలు ఇంకొకరి చోటికి చేరింది. ఆ వ్యవస్థకు రూపమిచ్చిన ఫెర్నాండో కొర్బాటో తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ కథ చెప్పారు.

యూజర్లకు విడివిడిగా గదులు కట్టి, అడ్మిన్లందరినీ మాత్రం ఒకే గదిలో ఉంచారన్నమాట. పెత్తనం చేసేవాళ్ల మధ్య గోడ ఎలా కట్టాలన్న ప్రశ్న అప్పటినుంచీ ఉంది. ఇవాళ క్లౌడ్ ఐడెంటిటీ సర్వీసుల్లో ఒక్కో సంస్థకు ఒక్కో డొమైన్ ఏర్పాటు చేసే ఇంజనీరు కుస్తీ పట్టేది దానితోనే.

తొలి మంచి జవాబు కూడా ఆ విద్యాసంస్థలోనే దొరికింది. 1969లో అక్కడ వాడకంలోకి వచ్చిన మల్టిక్స్ అనే వ్యవస్థలో మనిషి పేరొక్కటే గుర్తింపు కాదు. పేరు, ఒక చుక్క, ఆ తర్వాత ప్రాజెక్టు పేరు. రెండు ప్రాజెక్టుల్లో పనిచేసే మనిషికి రెండు గుర్తింపులు, రెండు రకాల హక్కులు. ప్రతి ప్రాజెక్టుకూ సొంత అడ్మినిస్ట్రేటర్ ఉండేవాడు. తన ప్రాజెక్టులోకి ఎవరు రావాలో, వాళ్లు యంత్రాన్ని ఎంత వాడుకోవాలో అతనే తేల్చేవాడు. పక్క ప్రాజెక్టులో అతని మాట చెల్లదు. మునసబు అధికారం ఊరి పొలిమేర రాయి దగ్గర ఆగిపోయినట్టే ఇదీనూ. మల్టిక్స్ పనిలో ఉన్న జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్‌తో కలిసి 1975లో రాసిన వ్యాసం ఈ అనుభవానికి సూత్రరూపం ఇచ్చింది. ఎవరికైనా వాళ్ల పనికి సరిపడేంత అధికారమే ఉండాలి, అంతకు మించి వీసమైనా ఉండకూడదు. బ్యాంకు లాకరు రెండు తాళంచెవులతో తెరుచుకున్నట్టు, ముఖ్యమైన పనులకు ఒకరి మాట చాలకూడదు.

లోకం మాత్రం వేరే దారిన పోయింది. బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ పని నుంచి తప్పుకున్నాక అక్కడివాళ్లు రాసుకున్న యూనిక్స్‌లో అధికారమంతా రూట్ అనే ఒక్క యూజర్ చేతిలో పెట్టారు. అతని నంబరు సున్నా. అతనికి ఏ గోడా అడ్డు కాదు. అత్తగారి బొడ్లో వేలాడే తాళాల గుత్తి లాంటి ఏర్పాటు అది. గుత్తి దొరికిందంటే భోషాణం నుంచి కొట్టు గది దాకా అన్నీ తెరుచుకుంటాయి. చిన్న యంత్రానికి అది చాలింది. వేల యంత్రాలు కలిశాక చాలలేదు.

1983లో డిజిటల్, ఐబీఎం కంపెనీల సాయంతో మళ్లీ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఎథీనా ప్రాజెక్టు మొదలైంది. దాని సాంకేతిక సారథ్యం చేసినవాళ్లలో ఆ సాల్ట్జరే ఉన్నారు. అందులోంచి కెర్బెరోస్ అనే గుర్తింపు పద్ధతి పుట్టింది. ఒక్కో సంస్థ యూజర్లూ వాళ్ల రహస్య తాళాలూ ఒక్కో ‘రెల్మ్’లో, అంటే రాజ్యంలో, ఉంటాయి. రెండు రాజ్యాలు ఒకదాన్నొకటి నమ్మాలంటే వాటి అడ్మిన్లు కావాలని ఒక తాళంచెవిని పంచుకోవాలి. అడగకుండా నమ్మడమనేది అందులో లేదు.

డొమైన్ అన్న మాటను ఆఫీసుల్లో ఇంటిపేరంతగా అలవాటు చేసింది మైక్రోసాఫ్ట్ 1993లో తెచ్చిన విండోస్ ఎన్‌టీ. 2000లో యాక్టివ్ డైరెక్టరీ వచ్చాక డొమైన్లన్నీ కలిసి ‘ఫారెస్ట్’ అయ్యాయి. ఆ రోజుల్లో చాలామంది డొమైనే కోటగోడ అనుకుని శాఖకో డొమైన్ కట్టించారు. 2002 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా ప్రకటన ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. నమ్మిన డొమైన్ నుంచి ఒక యూజరు తాలూకు హక్కుల చీటీ వస్తే, అందులో రాసినవి ఆ డొమైన్ ఇవ్వదగిన హక్కులేనా అని అవతలి డొమైన్ సరిచూసుకోవడం లేదు. ఫారెస్టుల మధ్య దీనికి వడపోత పెట్టారు. ఒకే ఫారెస్టులోని డొమైన్ల మధ్య నిజమైన గోడ లేదని, అసలు హద్దు ఫారెస్టేనని తర్వాత మైక్రోసాఫ్టే స్పష్టంగా రాసింది. అప్పటికే ఎన్నో సంస్థలు డొమైన్ గోడను నమ్ముకుని వ్యవస్థలు కట్టుకున్నాయి. ఆ నమ్మకానికి మూల్యం చిన్నది కాదు.

ఈ మాటల్ని కాస్త ఆగి చూడాలి. రెల్మ్ అంటే రాజ్యం. డొమైన్ అంటే దొరగారి భూమి. ఫారెస్ట్ అంటే అడవి. క్లౌడ్ కంపెనీలు వాడే టెనెంట్ అంటే అద్దెకున్నవాడు, కౌలుదారు. కంటికి కనబడని అధికారానికి ఇంజనీర్లు భూమి మాటలే పెట్టుకుంటూ వచ్చారు. కాని భూమి మీద హద్దు రాయి అందరికీ కనిపిస్తుంది. ఇక్కడ హద్దు ఎక్కడుందో కోడు చదివితే తప్ప తెలియదు.

క్లౌడ్‌లో ఈ కథ మళ్లీ మొదటినుంచి నడిచింది. నాసా వారి ఏమ్స్ పరిశోధనా కేంద్రంలోని నెబ్యులా ప్రాజెక్టూ, ర్యాక్‌స్పేస్ కంపెనీ కలిసి 2010 జులైలో ఓపెన్‌స్టాక్‌ను ప్రకటించాయి. ఎవరి సర్వర్లతో వాళ్లు సొంత క్లౌడ్ కట్టుకోవడానికి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మొదట్లో దానిలోని ఒక్కో భాగానికి ఒక్కో లాగిన్ పద్ధతి. అన్నిటికీ కలిపి ఒకే గుర్తింపు సర్వీసుగా కీస్టోన్ వచ్చింది. కమానులో మిగతా రాళ్లన్నిటినీ పట్టి ఉంచే నడిమి రాయి పేరది. 2012 తొలి నెలల్లో దాన్ని మళ్లీ కొత్తగా రాసి, ఏప్రిల్‌లో వచ్చిన ఎసెక్స్ విడుదలలో చేర్చారు.

అప్పటికి అందులో యూజర్లు, టెనెంట్లు, రోల్స్ మాత్రమే ఉన్నాయి. రెండు కంపెనీలు ఒకే క్లౌడ్‌లో ఉంటే రెండింటిలోనూ ‘రవి’ అనే యూజర్ ఉండే వీల్లేదు. కొత్త ఉద్యోగి చేరిన ప్రతిసారీ కంపెనీవాళ్లు క్లౌడ్ నడిపేవాళ్లను బతిమాలుకోవాలి. 2013 ఏప్రిల్ 4న వచ్చిన గ్రిజ్లీ విడుదలలో మూడో తరం ఏపీఐతో పాటు డొమైన్ వచ్చింది. యూజర్లు, గ్రూపులు, ప్రాజెక్టులు (టెనెంట్లకు పెట్టిన కొత్త పేరు) అన్నీ ఏదో ఒక డొమైన్‌లో ఉంటాయి. డొమైన్‌కో రవి ఉండొచ్చు. లాగిన్ అయ్యేటప్పుడు ఏ డొమైన్ రవో చెబితే సరి. ఊరూ ఇంటిపేరూ అడిగి మనిషిని పోల్చుకునే మనవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పాత పద్ధతి యూజర్లందరినీ ‘డిఫాల్ట్’ అనే డొమైన్‌లో వేశారు. ఒక డొమైన్‌ను ఆపేస్తే అందులో అందరి లాగిన్లూ ఆగిపోతాయి. ముందు ఆపకుండా డొమైన్‌ను తొలగించడం కుదరదు. పొరపాటున ఒక సంస్థ మొత్తం తుడిచిపెట్టుకుపోకుండా పెట్టిన గడియ అది. తర్వాత ఒక్కో డొమైన్‌కు దాని సొంత ఎల్‌డాప్ డైరెక్టరీని జోడించే వీలూ వచ్చింది. కంపెనీ ఉద్యోగుల జాబితా కంపెనీలోనే ఉంటుంది, క్లౌడ్ దాన్ని అడిగి తెలుసుకుంటుంది.

ఇంత చక్కగా గీసిన పొలిమేరకు పెద్ద గండి ఒకటి ఉండిపోయింది. 2012లోనే నమోదైన 968696 నంబరు బగ్ ఓపెన్‌స్టాక్ మీద పనిచేసేవాళ్లలో పేరుమోసింది. సర్వర్లు చూసే నోవా లాంటి భాగాలు, లాగిన్ అయినవాళ్ల చీటీ లాంటి టోకెన్ ఒకటి వస్తే పాలసీ ఫైలు తెరిచి, ఇతనికి అడ్మిన్ రోల్ ఉందా అని మాత్రమే చూసేవి. ఎక్కడి అడ్మిన్ అని అడిగేవి కావు. కాబట్టి ఒక కంపెనీవాళ్లకు వాళ్ల యూజర్లను వాళ్లే చేర్చుకోమని తమ డొమైన్‌లో అడ్మిన్ రోల్ ఇచ్చారనుకోండి. వాళ్లు దాన్ని తమ ప్రాజెక్టు మీద కూడా వేసుకుని టోకెన్ తెచ్చుకుంటే, క్లౌడ్‌లోని అందరి సర్వర్లకూ అడ్మిన్ అయిపోతారు. ఒక ఊరి మునసబు జిల్లా అంతటికీ కలెక్టరయిపోయినట్టు.

మొదటి మందుగా కీస్టోన్‌తో పాటు ఒక నమూనా పాలసీ ఫైలు ఇచ్చారు. క్లౌడ్ అడ్మిన్‌నూ డొమైన్ అడ్మిన్‌నూ అది విడదీసేది. అయితే పెద్ద అడ్మిన్ల డొమైన్ ఏదో దాని గుర్తింపు సంఖ్యను ఆపరేటరే చేత్తో ఆ ఫైలులో రాసుకోవాల్సి వచ్చేది. పైగా అది కీస్టోన్ వాకిలినే కాసేది, మిగతా భాగాల తలుపులు బార్లా తెరిచే ఉండేవి. క్లౌడ్ నడిపేవాళ్లు చాలామంది చివరికి కస్టమర్లకు అడ్మిన్ రోల్ ఇవ్వడమే మానుకున్నారు. డొమైన్ ఉన్నా దాని పెత్తనం డొమైన్ వాళ్ల చేతికి రాలేదు. దీనివల్ల నష్టపోయినది ఆ కస్టమర్ సంస్థలే.

2018 ఫిబ్రవరిలో వచ్చిన క్వీన్స్ విడుదల ‘సిస్టమ్ స్కోప్’ను తెచ్చింది. మొత్తం క్లౌడ్ మీద అధికారం కావాలంటే ఆ ముద్ర ఉన్న టోకెనే కావాలి. ఆలోచన సరైనదే, కాని సర్వర్ అన్నది ఎప్పుడూ ఏదో ఒక ప్రాజెక్టుకు చెందుతుంది, ఆ టోకెన్‌లో ప్రాజెక్టే ఉండదు. ఏళ్లుగా రాసుకున్న పనిముట్లు తడబడ్డాయి. ఆపరేటర్ల మాట విన్నాక 2022లో ఓపెన్‌స్టాక్ బృందం చాలా భాగాల్లో ఆ దారి నుంచి వెనక్కి తగ్గింది. ఆ వెనకడుగును ఓటమిగా లెక్కకట్టడం సరికాదు. వాడుకునేవాళ్లు మోయలేని గోడను పడగొట్టడానికి ధైర్యం కావాలి.

చివరికి దారి దొరికింది కొత్త అడ్మిన్‌ను సృష్టించడంలో కాదు, అడ్మిన్ కంటే తక్కువ పదవి ఒకటి పెట్టడంలో. దాని పేరు ‘మేనేజర్’. డొమైన్ మీద ఈ రోల్ ఉన్నవాళ్లు తమ డొమైన్‌లో యూజర్లనూ గ్రూపులనూ ప్రాజెక్టులనూ చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు. తమ చేతిలో ఉన్న కొద్దిపాటి రోల్స్‌ను తమవాళ్లకు పంచవచ్చు. అడ్మిన్ రోల్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వలేరు, తమకు తాము కూడా వేసుకోలేరు. యూరప్‌లో సొంత క్లౌడ్‌ల కోసం జర్మనీలో నడిచిన సావరిన్ క్లౌడ్ స్టాక్ ప్రాజెక్టువాళ్లు దీనికోసం పట్టుబట్టి పనిచేశారు. గ్రిజ్లీలో డొమైన్ పుట్టిన పదకొండేళ్లకు, 2024 అక్టోబరులో వచ్చిన డాల్మేషన్ విడుదలతో ఈ ఏర్పాటు కీస్టోన్‌లో భాగమైంది.