బోరైడింగ్

ఉక్కును బాగా వేడిచేసి దాని ఉపరితలంలోకి బోరాన్ పరమాణువులను ఇంకించే ప్రక్రియ. దీన్నే బోరోనైజింగ్ అనీ అంటారు. ఇంకిన బోరాన్ ఇనుముతో కలిసి ఐరన్ బోరైడ్ పొరగా మారుతుంది కాబట్టి ఈ పొర ఉక్కులో భాగమైపోతుంది. అరుగుదలను తట్టుకోవడంలో దీనికి మంచి పేరుంది. అధిక ఉష్ణోగ్రతలో ఆక్సీకరణాన్ని కూడా అడ్డుకుంటుంది గానీ, ఆ రక్షణకు ఒక హద్దుంది. ఆ హద్దును తెలుసుకుని దాన్ని దాటే మార్గాలు వెతకడం ఈ ప్రక్రియ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

పూర్వరంగం

బోరాన్ లవణమైన వెలిగారం మన కంసాలులకు తరతరాలుగా తెలుసు. సంస్కృతంలో దీని పేరు టంకణం. బంగారం అతికేచోట చల్లితే అది కరిగి గాజులా పరుచుకుంటుంది. లోహం మీది ఆక్సైడ్‌ను తనలో కరిగించుకుని, గాలి తగలకుండా కాస్తుంది.

బోరాన్ మూలకాన్ని 1808లో పారిస్‌లో గే-లుసాక్, థెనార్డ్ కలిసి, లండన్‌లో హంఫ్రీ డేవీ విడిగా రాబట్టారు. 1895లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ మొయిసాన్ కాలిన ఇనుము మీదికి బోరాన్ క్లోరైడ్ ఆవిరిని పంపి ఐరన్ బోరైడ్ తయారుచేశాడు. బోరైడింగ్ చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే లెక్కిస్తారు. ఫ్లోరిన్‌ను వేరుచేసినందుకు, విద్యుత్ కొలిమికి మొయిసాన్ 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

పొర నిర్మాణం

ప్రక్రియ సాధారణంగా 840 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ మధ్య కొన్ని గంటలపాటు సాగుతుంది. బోరాన్ సరఫరా ఎక్కువైతే రెండు పొరలు ఏర్పడతాయి. పై పొరలో ఇనుము, బోరాన్ పరమాణువులు సమానంగా ఉంటాయి. కింది పొరలో రెండు ఇనుము పరమాణువులకు ఒక బోరాన్ ఉంటుంది. తక్కువ కార్బన్ ఉక్కులో ఈ కింది పొర రంపం పళ్ళలా లోహంలోకి దిగి గట్టిగా పట్టుకుంటుంది. పొర కాఠిన్యం విక్కర్స్ కొలతలో సుమారు 1800 నుంచి 2000 వరకు ఉంటుంది.

వేడికి రెండు పొరలూ ఒకే తీరున వ్యాకోచించవు. అందువల్ల వేడెక్కి చల్లారేటప్పుడు వాటి మధ్య పగుళ్ళు వస్తాయి. పగులు వచ్చిందంటే ఆక్సిజన్‌కు దారి దొరికినట్టే. అందుకే పరిశ్రమల్లో కింది బోరైడ్ ఒక్కటే ఏర్పడేలా జాగ్రత్తపడతారు.

పారిశ్రామిక పద్ధతులు

సోవియట్ యూనియన్‌లో కరిగిన వెలిగారంలో విద్యుత్తు పంపే పద్ధతిని విస్తృతంగా పరిశోధించారు. వాయు పద్ధతిలో వాడే డైబోరేన్ విషవాయువు, పైగా పేలుడు స్వభావం గలది. ఈ ప్రమాదం లేని పొడి పద్ధతి పశ్చిమ జర్మనీలో బలపడింది. బోరాన్ కార్బైడ్, పొటాషియం ఫ్లోరోబోరేట్, సిలికాన్ కార్బైడ్ కలిపిన పొడిలో వస్తువును కప్పి కొలిమిలో ఉంచుతారు. పేస్టు, ప్లాస్మా పద్ధతులు కూడా ఉన్నాయి.

ఆక్సీకరణ నిరోధం

మామూలు ఇనుము 570 డిగ్రీలు దాటి వేడెక్కితే దాని మీద వ్యూస్టైట్ అనే ఆక్సైడ్ పొర పుడుతుంది. దాని గుండా ఇనుము అయాన్లు వేగంగా పైకి చేరి ఆక్సిజన్‌తో కలుస్తాయి. లోహం పెచ్చులుగా తరిగిపోతుంది. ఇలాంటి పొరలు పెరిగే తీరుకు 1933లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ వాగ్నర్ సిద్ధాంత రూపం ఇచ్చాడు.

బోరైడ్ పొర ఆక్సీకరణం చెందినప్పుడు బోరిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. సుమారు 450 డిగ్రీల దగ్గర అది కరిగి గాజులా పరుచుకుని ఆక్సిజన్ రాకను నెమ్మదింపజేస్తుంది. కంసాలి వెలిగారంతో పొందే రక్షణ వంటిదే ఇది. కానీ వేడి బాగా పెరిగినా, నీటి ఆవిరి తగిలినా ఈ ఆక్సైడ్ ఆవిరైపోతుంది. అందుకే బోరైడింగ్ చేసిన ఉక్కు ఆక్సీకరణ నిరోధాన్ని సుమారు 850 డిగ్రీల వరకే లెక్కలోకి తీసుకుంటారు.

ఈ పరిమితిని అధిగమించడానికి బోరాన్‌తో పాటు క్రోమియం, అల్యూమినియం, సిలికాన్ వంటి మూలకాలను ఇంకించే మిశ్రమ పద్ధతులు వచ్చాయి. క్రోమియం, అల్యూమినియం ఆక్సైడ్లు దట్టంగా అంటుకుని ఉంటాయి, వేడికి తేలిగ్గా ఆవిరి కావు. ఈ పద్ధతుల్లో కాఠిన్యం బోరాన్ నుంచి, అధిక వేడిలో రక్షణ తోడు మూలకాల నుంచి లభిస్తాయి.