గనుల ధూళి ఉద్గారాలు: అంచనా, నివేదన

ఓపెన్‌కాస్ట్ గనులలో డ్రిల్లింగ్, పేలుళ్లు, లోడింగ్, డంపర్ల రాకపోకల వల్ల లేచే ధూళి పొగగొట్టం గుండా రాదు కనుక దానిని నేరుగా కొలవడం కష్టం. పని పరిమాణాన్ని ఉద్గార గుణకంతో హెచ్చించి, నివారణ చర్యల వల్ల తగ్గిన భాగాన్ని మినహాయించి అంచనా వేస్తారు.

ఉదాహరణకు, గుణకం కిలోమీటరుకు 2 కిలోలనుకుంటే, 1,000 కిలోమీటర్ల డంపరు ప్రయాణానికి 2,000 కిలోలు. నీరు చల్లడం వల్ల 50 శాతం తగ్గితే 1,000 కిలోలు. చల్లని నీటిని చల్లినట్లు నమోదు చేస్తే ధూళి కాగితంపైనే సగమవుతుంది.

2009 జాతీయ ప్రమాణాలలోని పి.ఎం.10 పరిమితి, 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, గాలిలోని గాఢతకు సంబంధించినది; ఉద్గార పరిమాణానికి కాదు.

పర్యావరణ (పరిరక్షణ) నిబంధనలు, 1986 ప్రకారం వార్షిక పర్యావరణ నివేదికను సెప్టెంబరు 30లోగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించాలి. అందులోని అంకెలను సరిచూడటానికి డంపర్ల, నీటి ట్యాంకర్ల లాగ్‌బుక్కులే ఆధారం.