బ్రిటన్‌లో అద్దె ఇళ్ల లైసెన్సు ఫీజులు

బ్రిటన్‌లో ఇల్లు అద్దెకిచ్చే యజమాని చాలా ఊళ్లలో ముందుగా స్థానిక కౌన్సిల్ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అందుకు కట్టేదే లైసెన్సు ఫీజు. కౌన్సిల్ దీన్ని తన సాధారణ ఆదాయంలో కలుపుకోవడానికి వీల్లేదు. లైసెన్సుల పని నడపడానికి అయ్యే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. ఇంగ్లండ్‌లో దీనికి ఆధారం 2004 నాటి గృహ చట్టం. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వేరే చట్టాలున్నాయి; వేల్స్‌లో ఈ చట్టంతోపాటు సొంత చట్టమూ ఉంది. పైకి గొడవంతా ఫీజు మొత్తం గురించే అనిపిస్తుంది గానీ, ఈ చరిత్ర పొడుగునా నడిచిన ప్రశ్న మరొకటి: అద్దె ఇల్లు మనిషి ఉండదగ్గట్టు ఉందో లేదో ఎవరు వచ్చి చూడాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి, లోపం బయటపడితే ఎవరు జవాబు చెప్పాలి?

గ్లాస్గో తలుపుల మీద బిళ్లలు

అద్దె నివాసాల మీద ప్రభుత్వం కన్నేయడం 19వ శతాబ్దంలో మొదలైంది. పారిశ్రామిక నగరాల్లో రాత్రికింత అని తీసుకుని మంచం ఇచ్చే బసలు కలరా, టైఫస్ జ్వరాలకు నిలయాలయ్యాయి. షాఫ్ట్స్‌బరీ ప్రభువు చొరవతో 1851లో వచ్చిన చట్టం ఆ బసలు నడిపేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలని, తనిఖీకి ఒప్పుకోవాలని నిర్బంధించింది.

గ్లాస్గో నగరం ఇంకా లోపలికి వెళ్లింది. 1862 నాటి పోలీసు చట్టం కింద మొత్తం ఘనపరిమాణం 2,000 ఘనపుటడుగులు దాటని చిన్న ఇళ్లను అధికారులు కొలిచారు. పెద్ద మనిషి ఒక్కరికి 300 ఘనపుటడుగుల గాలి చొప్పున లెక్కగట్టి, లోపల ఎంతమంది పడుకోవచ్చో చెక్కిన లోహపు బిళ్లను తలుపుకు కొట్టారు. అర్ధరాత్రి ఇన్‌స్పెక్టర్లు తలుపు తట్టి తలలు లెక్కపెట్టేవారు. లెక్కకు మించి ఉన్నవాళ్లు అలమారాల్లో దూరేవారు, ఇంటికప్పు మీదికి ఎక్కేవారు. దొరికితే జరిమానా ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకే పడేది. వేరే చోటు దొరక్క, దొరికినా అద్దె కట్టలేక బంధువులతో ఇరుక్కుని బతుకుతున్న కూలీ కుటుంబాన్ని నిద్రలేపి శిక్షించారు. అటువంటి గదుల మీద అద్దె తినేవాళ్లను ఆ తనిఖీ పెద్దగా తాకలేదు. ఉద్దేశం ప్రజారోగ్యమే అయినా ఇది ఘోరమైన అన్యాయం. తర్వాతి శతాబ్దిన్నర చట్టాలను చదివేటప్పుడు ఈ భారం అద్దెదారు భుజం మీంచి యజమాని భుజం మీదికి ఎలా మారిందో చూడాలి.

20వ శతాబ్దం

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఇంగ్లండ్, వేల్స్ కుటుంబాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ప్రైవేటు అద్దె ఇళ్లలోనే ఉండేవి. అద్దె నియంత్రణ, కౌన్సిల్ ఇళ్లు, సొంత ఇళ్లు పెరగడంతో 1990ల మొదట్లో ఆ వాటా పదింట ఒకటికి పడిపోయింది. 1961 నాటి గృహ చట్టం పలు కుటుంబాలు కలిసి వాడుకునే ఇళ్ల నిర్వహణకు నియమాలు పెట్టి, వాటి నమోదుకు కౌన్సిళ్లకు అధికారం ఇచ్చింది. వాడాలా వద్దా అన్నది మాత్రం కౌన్సిల్ ఇష్టానికే వదిలేసింది. 1988 చట్టం కొత్త అద్దెలను నియంత్రణ నుంచి విడిపించింది. 1996లో అద్దెకివ్వడానికే ఇల్లు కొనేవాళ్ల కోసం ప్రత్యేక బ్యాంకు రుణాలు వచ్చాయి. ప్రైవేటు అద్దె మళ్లీ పుంజుకుంది. నేడు ఇంగ్లండ్‌లో సుమారు ఐదో వంతు కుటుంబాలు అలాంటి ఇళ్లలోనే ఉంటున్నాయి.

1999లో గ్లాస్గోలో, కిటికీలకు ఇనుప చువ్వలున్న ఒక నేలమాళిగ ఫ్లాట్‌లో మంటలు చెలరేగి ఇద్దరు విద్యార్థులు బయటపడలేక చనిపోయారు. మరుసటి ఏడాదే స్కాట్లండ్ పంచుకునే ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 2006 నుంచి అక్కడ ప్రతి ప్రైవేటు యజమానీ పేరు నమోదు చేసుకోవాలి. మొదట్లో యజమానికి 55 పౌండ్లు, ఒక్కో ఇంటికి 11 పౌండ్లు కట్టించుకునేవారు. నమోదు మూడేళ్లు చెల్లుతుంది.

2004 చట్టం, రెండు రకాల లైసెన్సులు

ఇంగ్లండ్‌లో లైసెన్సులు 2006 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. మొదటిది పంచుకునే ఇళ్లకు. రెండు లేదా అంతకు మించిన కుటుంబాలకు చెందిన ఐదుగురు, ఆపైన ఉండే ఇంటికి ఇది తప్పనిసరి. మొదట మూడంతస్తులు, అంతకు మించినవాటికే వర్తించిన ఈ నిబంధన నుంచి 2018 అక్టోబరు 1న అంతస్తుల షరతు తీసేశారు. అదే రోజు నుంచి పడకగదికి కనీస కొలత వచ్చింది: ఒకరికి 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22. గ్లాస్గోలోలాగే ఇక్కడా గది కొలుస్తారు. కాకపోతే గది చిన్నదైతే ఇప్పుడు జవాబుదారు లైసెన్సు తీసుకున్నవాడే.

రెండోది ఎంపిక చేసిన ప్రాంతాల లైసెన్సు. ఇళ్లకు గిరాకీ పడిపోయిన చోట, అల్లరిమూకల బెడద ఉన్న చోట కౌన్సిల్ ఒక ప్రాంతాన్ని ప్రకటించి, అక్కడ అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్సు అడగవచ్చు. 2015లో అధ్వాన్నమైన ఇళ్లు, పేదరికం, నేరాలు, వలసలు కూడా కారణాల జాబితాలో చేరాయి. లైసెన్సు గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లుతుంది. ఫీజు ఎంతో చట్టం చెప్పలేదు. కౌన్సిళ్లే నిర్ణయించుకుంటాయి కాబట్టి ఊరికో రేటు ఉంటుంది.

తూర్పు లండన్‌లోని న్యూహామ్ బరో (లండన్‌లో ఒక స్థానిక పాలనా విభాగం) 2013 జనవరి 1న దాదాపు తన పరిధి మొత్తానికీ ఈ రెండో రకం లైసెన్సును వర్తింపజేసి దేశమంతా చర్చకు తెరతీసింది. పెరటి షెడ్లలో మంచాలు వేసి అద్దెకిచ్చే దుర్మార్గం అప్పటికి అక్కడ ముదిరిపోయింది. అప్పట్లో ముందుగా దరఖాస్తు చేస్తే 150 పౌండ్లు, ఆలస్యమైతే 500. ఐదేళ్లకు 500 అంటే వారానికి రెండు పౌండ్లకు లోపే. ఈ లెక్క చూశాక, ఫీజు వల్లే అద్దెలు పెరిగాయన్న వాదన బలంగా నిలబడదు. ఈ బరోలోనే ఉన్న ఈస్ట్ హామ్‌లో దక్షిణ భారతీయులు ఎక్కువ, చదువుకోసం వెళ్లే తెలుగు విద్యార్థులు ఎందరో తొలి గది వెతుక్కునేదీ అక్కడే. లైసెన్సుల జాబితాను ప్రతి కౌన్సిల్ ప్రజలకు చూపాలని చట్టం చెబుతోంది కాబట్టి, అడ్వాన్సు కట్టేముందే ఆ ఇంటికి లైసెన్సు ఉందో లేదో చూసుకోవచ్చు.

అందరికీ ఇలా సాగలేదు. చుట్టుపక్కల బరోల వాళ్ల అభిప్రాయం సరిగా అడగలేదన్న కారణంతో ఎన్‌ఫీల్డ్ పథకాన్ని 2014 డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. లివర్‌పూల్ 2015లో నగరమంతటికీ పెట్టిన పథకం ఐదేళ్లు నడిచింది, పొడిగింపుకు ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2022లో ఆ నగరం కొన్ని వార్డులకే పరిమితమైన కొత్త పథకంతో మళ్లీ మొదలుపెట్టింది. పెద్ద పథకాలకు మంత్రి అనుమతి కావాలన్న 2015 నాటి షరతును 2024 డిసెంబరులో సడలించారు.

ఫీజును రెండుగా విడగొట్టిన తీర్పులు

ఫీజులో ఏ ఖర్చులు కలపవచ్చన్న వివాదం తేలింది అద్దె ఇళ్లతో సంబంధం లేని కేసులో. లండన్ సోహోలో పెద్దలకు మాత్రమే పరిమితమైన దుకాణాల లైసెన్సుకు వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఏడాదికి 29 వేల పౌండ్లకు పైగా తీసుకునేది. అందులో సింహభాగం లైసెన్సు లేకుండా నడిపేవాళ్లను పట్టుకునే ఖర్చు. దుకాణదారులు కోర్టుకెక్కారు. 2015లో సుప్రీంకోర్టు, 2016లో యూరోపియన్ న్యాయస్థానం, 2017లో మళ్లీ సుప్రీంకోర్టు విచారించాక స్పష్టత వచ్చింది: దరఖాస్తు పరిశీలనకయ్యే ఖర్చునే ముందు అడగాలి, తనిఖీలు, అమలు ఖర్చును లైసెన్సు దక్కినవాళ్ల నుంచి ఆ తర్వాతే తీసుకోవాలి. 2018లో రిచ్‌మండ్‌కు చెందిన ఒక ఇంటి యజమాని కేసులో హైకోర్టు ఇదే సూత్రం ఇళ్ల లైసెన్సుకూ వర్తిస్తుందని తేల్చింది. అప్పట్నుంచి కౌన్సిళ్లు ఫీజును రెండు విడతలుగా తీసుకుంటున్నాయి.

లైసెన్సు లేకుండా అద్దెకిస్తే శిక్ష ఫీజు కన్నా ఎన్నో రెట్లు. 2017లో తానే 30,000 పౌండ్ల దాకా జరిమానా వేసే అధికారం కౌన్సిల్‌కు వచ్చింది. అద్దెదారు ట్రైబ్యునల్‌కు వెళ్లి పన్నెండు నెలల దాకా కట్టిన అద్దెను వెనక్కి అడిగే వీలూ ఉండేది; ఈ రెండు పరిమితులూ తర్వాత పెరిగాయి. యజమాని తను కట్టిన ఫీజును అద్దెదారు మీద విడిగా వేయకుండా 2019 చట్టం అడ్డుకుంది. అద్దెలో కలిపి పెంచడాన్ని మాత్రం ఆపలేకపోయింది.

ఎంపిక చేసిన ప్రాంతాల లైసెన్సు ఫలితాలపై ప్రభుత్వం చేయించిన స్వతంత్ర సమీక్ష 2019లో వెలువడింది. ఇతర చర్యలతో కలిపి, చాలినంత సిబ్బందితో నడిపితే పథకాలు పనిచేస్తాయని అది చెప్పింది. తక్కువ ఫీజు తీసుకుని ఇంటికి ఎవరినీ పంపని పథకం కన్నా, ఎక్కువ తీసుకుని ప్రతి ఇల్లూ తనిఖీ చేసేదే అద్దెదారుకు మేలు. డబ్బు కట్టిన యజమాని నిలదీయాల్సిందీ అదే: నా ఇంటికి ఎవరైనా వచ్చారా?

వేల్స్, ఉత్తర ఐర్లండ్, కొత్త చట్టం

వేల్స్ 2015 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే వ్యవస్థ పెట్టింది. యజమానుల నమోదు, నిర్వహణ లైసెన్సులు అన్నీ కార్డిఫ్ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. లైసెన్సుకు శిక్షణ కూడా తప్పనిసరి. ఉత్తర ఐర్లండ్‌లో 2014 నుంచి నమోదు ఉంది. మొదలైనప్పుడు ఆన్‌లైన్‌లో మూడేళ్లకు 70 పౌండ్లు తీసుకునేవారు.

ఇంగ్లండ్‌లో 2025 అక్టోబరు 27న రాజముద్ర పడిన అద్దెదారుల హక్కుల చట్టం జరిమానా పరిమితిని 40,000 పౌండ్లకు, వెనక్కి అడగగల అద్దెను రెండేళ్లకు పెంచింది. ప్రైవేటు యజమానులందరూ ఫీజు కట్టి చేరాల్సిన జాతీయ డేటాబేస్‌ను ఏర్పాటు చేయమంది. స్థానిక లైసెన్సులను మాత్రం అలాగే ఉంచింది. ఒకే ఇంటికి రెండు చోట్ల కట్టాలా అని యజమానుల సంఘాలు ఆక్షేపిస్తున్నాయి. డేటాబేస్‌లో పేరుండటానికీ, తడిసి బూజుపట్టిన గోడను అధికారి వచ్చి చూడటానికీ చాలా తేడా ఉంది కాబట్టి, స్థానిక లైసెన్సులను దానికోసం వదులుకోకూడదు.