కల్లుబట్టిలో కల్లు లేదు

మా దిక్కు తెలుగులో కల్లుబట్టి అని ఒక మాట ఉండాది. ముళబాగిలు తాలూకాలో, కురుడుమలె చుట్టుపక్కల పల్లెల్లో, దొంగచాటుగా కాచిన సారాయిని పెద్దోళ్ళు ఇట్లే అంటారు. బట్టి అంటే సారాయి కాచే పొయ్యి, దాని సరంజామా. అయితే ఆ బట్టిలో కల్లు పొయ్యరు. బెల్లం, తుమ్మ పట్ట, నీళ్ళు వేసి పులియబెట్టి కాస్తారు. మరి పేర్లోకి కల్లు యాడ నుంచి వచ్చింది?

కన్నడం నుంచి. కన్నడంలో ఆ మాట కళ్ళభట్టి. కళ్ళ అంటే దొంగ. దొంగబట్టి అన్నమాట. తెలుగు చెవికి కళ్ళ అంటే దొంగ అని తట్టదు, మనకు కళ్ళు అంటే చూసేవి. తాగేదాని గురించిన మాట కాబట్టి పక్కనే ఉన్న కల్లును తెచ్చి అతికించుకున్నారు. రెండు భాషలు మాట్లాడే ఊళ్ళో ఇది మామూలే. మన కల్లు కన్నడంలో కళ్ళు. కన్నడంలో కల్లు అంటే రాయి. మన కళ్ళు వాళ్ళకు కణ్ణు. ఇంకో తమాషా ఏమంటే, కన్నడ ‘కళ్ళ’కు తోబుట్టువు తెలుగులోనూ ఉండాది. అబద్ధం అనే అర్థంలో మనం వాడే ‘కల్ల’ అదే వేరు నుంచి పుట్టింది. ఆ చుట్టరికం మరిచిపోయి, ఏ చుట్టరికమూ లేని కల్లును పట్టుకున్నాం.

ఊరి పేరుకూ ఇదే జరిగింది. కన్నడంలో కురుడు అంటే గుడ్డితనం. గుడ్డికొండ అని పేరు ఎవరు పెడతారు? దేవతలు కూడిన కొండ కాబట్టి కూడుమలె, కూటాద్రి అని స్థలపురాణం చెప్తాది. పదమూడడుగుల ఒంటిరాతి గణపతి ముందర నిలబడి, గుడ్డికొండ అని ఎవరూ అనుకోరు. అయినా పలికేది కురుడుమలె అనే. నోరు ఒకటి అంటే చెవి ఇంకోటి వింటాది, నాలుగు తరాలు పోతే విన్నదే పేరు.

ఈ మాటల లెక్క తీయాల్సిన పని నాకు అమెరికా నుంచి పడింది. అక్కడుండే మా అక్క కొడుకు ఇంట్లో బీరు చేస్తాడు. ఆడ అది చాలామందికి సరదా పని. 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో పెద్దమనిషి ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ ఆపైన గానీ ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. బ్రిటన్‌లో 1963లోనే ఇంటి బీరుకు లైసెన్సు తీసేసినారు. మావాడు ఈసారి బార్లీ వదిలి రాగులతో చేస్తానని, “మామా, మాల్టుకు మనిండ్లల్లో మాటేమి? ఈస్టుకేమి? ఒక్కో పనికీ చెప్పు” అన్నాడు. వాడికి చెప్పింది కొంచెం పెంచి ఈడ రాస్తున్నాను.

మొలక

మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. ఈ పని మా దిక్కు ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాగులు రేయంతా నానేసి, నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూట కట్టి పెడతారు. ఒకటి రెండు దినాల్లో తెల్లగా మొలక వస్తాది. నీడనో ఎండనో ఆరబెట్టి, నలిపి, మొలక తోకలు రాలిపోయేట్టు చెరిగి, సన్నసెగ మీద వేంచి, ఇసుర్రాయిలో ఇసురుతారు. ఆ పిండితో చంటిపిల్లలకు కాచేదే సరి. “మాడితే సరి జారదు, గట్టిపడతాది” అని మా అమ్మ వేంచేటప్పుడల్లా అంటా ఉండేది.

ఆ ఒక్క ముక్కలో శాస్త్రమంతా ఉండాది. మొలకలో అమైలేసు అనే ఎంజైము పుడతాది. అది పిండిని విరిచి చక్కెరలు చేస్తాది. అందుకే మొలకపిండి సరి, మామూలు రాగిపిండి గంజి కంటే పలచగా, తియ్యగా ఉంటాది. ఎక్కువ పిండి వేసినా బిడ్డ మింగగలడు. సెగ మితిమీరితే ఎంజైము చస్తాది, సరి గట్టిపడతాది. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార పరిశోధన సంస్థ, సి.ఎఫ్.టి.ఆర్.ఐ., రాగి మొలక మీద చాలా పని చేసింది. చిరుధాన్యాల్లో మాల్టుకు రాగి బాగా పనికొస్తాదని అక్కడి పరిశోధనలు చెప్పినాయి.

బీరు చేసేవాడు చేసేదీ ఇదే. నానేసేది, మొలకేసేది, ఆరబెట్టేది, ఇసిరేది, వేడినీళ్ళలో కలిపి తీపి దింపేది. మనవాళ్ళు అక్కడిదాకా పోయి సరి దగ్గర ఆగినారు. రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఆడ ఆగలేదు. ఉగాండాలో తేసో జనం రాగి బీరును అజోన్ అంటారు. నడుమ కుండ పెట్టుకుని, వేడినీళ్ళు పోసుకుంటా, పొడుగాటి గొట్టాలతో చుట్టూ కూర్చుని తాగుతారు. నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా అనేదీ ఇదే గింజతో చేస్తారు.

మాల్టుకు మన మాట మొలకరాగులు. అంగట్లో పొట్లం మీద మాత్రం ‘రాగి మాల్ట్’ అని ఉంటాది. మనింటి పని ఇంగ్లీషు పేరు పెట్టుకుని మనకే అమ్మకానికి వచ్చింది.

తోడు

మావాడి రెండో ప్రశ్న ఈస్టు. బడి పుస్తకాల్లో పులియడాన్ని కిణ్వ ప్రక్రియ అంటారు. కిణ్వం చానా పాత మాట. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి అధ్యాయంలో ఉండాది. మేదకం అనే మద్యానికి ఆయన ఇచ్చిన కొలతలు మన లెక్కకు మారిస్తే 16 పాళ్ళ నీళ్ళకు 2 పాళ్ళ బియ్యం, 3 పాళ్ళ కిణ్వం. ఆ కిణ్వాన్ని మినుములు, బియ్యం కలిపి చేసేది. ఇడ్లీ పిండి గుర్తొస్తాది కదా? మద్యం అమ్మకాన్ని గట్టిగా రాజు చేతిలో పెట్టిన ఆ పుస్తకమే, శుభకార్యాలప్పుడు సంసారులు ఇంట్లో సుర చేసుకోవచ్చు అన్నది. ఉత్సవాలకు, జాతరలకు నాలుగు దినాల సెలవిచ్చింది. అంటే ఇంట్లో చేసుకునేదానికీ అమ్మకానికి చేసేదానికీ తేడా అప్పుడే గుర్తించినారు.

అయితే కిణ్వం అని మా వంటింట్లో ఎవరూ అనరు. మిగిలిన సంగటిని రాత్రి కుండలో నీళ్ళు పోసి పిసికి పెడితే పొద్దునకు అంబలి పులుస్తాది. ఆ కుండను గీకి గీకి తోమరు. అడుగున మిగిలిన పులుపే రేపటి అంబలికి పని చేస్తాది. పాలకు వేసే చుక్క మజ్జిగ తోడు. అంబలిలో పని చేసేది ఎక్కువగా పెరుగు జాతి సూక్ష్మజీవులు, బీరులో పని చేసేది ఈస్టు. జాతులు వేరైనా పని తీరు ఒకటే, పాతది కొత్తదాన్ని పిలుచుకుంటాది. అందుకని ఈస్టుకు తోడు అనమని మావాడికి చెప్పినాను. అడుగున దిగే చిక్కటిదానికి మడ్డి. పైకి లేచేది నురగ. ఇవి కొత్తగా పుట్టించిన మాటలు కావు, మజ్జిగకూ అంబలికీ కల్లుకూ దినమూ వాడినవే.

చెట్టు

మొలక తెలిసి, తోడు తెలిసి, మనవాళ్ళు బీరు ఎందుకు చేయలేదు? నాకు తోచిన జవాబు ఈతచెట్టు. గింజలో తీపి పిండి రూపంలో దాగి ఉంటాది, దాన్ని మొలకేసి, ఇసిరి, కాచి బయటికి లాగాల. ఈతచెట్టు నీరు చక్కెరతోనే కారుతాది. గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు తగిలి గంటల్లో తనంతట తాను పొంగుతాది. కుండ లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా ఉంటాది. కడగని పాత కుండ కడితే మడ్డే తోడై వడిగా ఎక్కుతాది. కట్టెలు ఖర్చు కాలేదు, తిండిగింజ తరగలేదు. వానకు ఎదురుచూసే కోలారు రైతు సంగటికి ఉంచుకున్న రాగిని తాగేదానికి ఎందుకు నానేస్తాడు?

ఈ చెట్టు ఎక్కినవాళ్ళు ఈడిగలు. ఈత గీస్తారు కాబట్టి ఈడిగ అని మా పల్లెల్లో చెప్తారు. వినేదానికి సరిపోతాది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మాత్రం ఈత మాటను ఒక చోట పెట్టి, ఈడిగను వేరే చోట, తమిళంలో కల్లుకు పాత పేరైన ఈళం పక్కన పెడతాది. చోళుల శాసనాల్లో ఈళంపూట్చి అని ఒక పన్ను కనపడతాది, అది కల్లుగీత మీద పన్ను. కురుడుమలె సోమేశ్వరాలయం చోళుల కాలం నాటిదంటారు. ఆ ఏలుబడి మన దిక్కుకు వచ్చినప్పుడు గీతపనికి రాజు పుస్తకంలో పేరూ పద్దూ ఉన్నాయన్నమాట. పన్ను కట్టిన పని దొంగపని ఎట్లయితాది?

ఇంట్లోనో ఊళ్ళోనో చేసేదానికే మాటలు పుడతాయి. కల్లును గీసేది, కట్టేది, దించేది, వడగట్టేది. తీపి కల్లు, పులుపెక్కిన కల్లు, పొద్దుటిది, మాపటిది. బీరు మా జిల్లాకు సీసాలో వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో దిగినాక దొరలు వచ్చినారు. 1915లో థామస్ లీష్మన్ దక్షిణాది బీరు కంపెనీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టినాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. ఇంత కాలంలోనూ బీరుకు ‘బీరు’ అన్న ఒక్క మాటే. చేసేది మనం చూడలేదు, చూడనిదానికి క్రియలు ఉండవు.

ఊట

బెల్లం, పట్ట నానేసి పులియబెట్టిన నీళ్ళు ఊట. పట్ట అంటే చెట్టు తోలు, తెల్లతుమ్మది. పట్ట సారాయి అన్న పేరు అందుకే. ఊటను కాచి ఆవిరి పట్టేది బట్టి. దాన్ని పట్టుకునేది అబ్కారీ. పార్సీలో ఆబ్ అంటే నీళ్ళు, కారి అంటే పని. నీళ్ళపని అన్న ఆ మెత్తటి మాట మా నోట్లో పోలీసు మాట అయ్యింది.

ఈడ సరిహద్దు కతొకటి చెప్పాల. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు పెంచింది. నంగలి దాటితే చిత్తూరు జిల్లా, అప్పుడది మద్రాసు ఏలుబడి. ఇవతల మాది మైసూరు సంస్థానం. పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్ళు, ఒకటే తెలుగు, రెండు చట్టాలు. ఈనాటికీ ఆ దిక్కు నాటుసారా అంటే ఈ దిక్కు కల్లుబట్టి అంటాం. మాటల సరిహద్దు కొండలూ వాగులూ గీసిందే అనుకుంటాం గానీ, ఈ మాటకు దాన్ని గీసింది అబ్కారీ కచ్చేరి భాష. ఆడ కచ్చేరి తెలుగు, ఈడ కన్నడం.

సారాయి చేసిన చెడు తక్కువది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచినాక, 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారాయి ఆగింది. కర్ణాటకలో 2007 జులై 1న ఆపినారు. మరుసటి ఏడు మే నెలలో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి దిక్కుల్లో కల్తీసారా తాగి 150 మందికి పైగా చచ్చిపోయినారు. చంపింది మిథనాలు, ఊటలో పుట్టింది కాదు, లాభానికి ఎవరో కలిపింది. ఆ మే నెల తర్వాత కల్లుబట్టి అన్న మాట పలికేదానికే మా ఆడవాళ్ళు ఇష్టపడలేదు. వాళ్ళది న్యాయమే.

నాకు బాధ ఒక్కటే. ఆ మాటలో దొంగ ఉన్న చోట మనం కల్లును కూర్చోపెట్టినాం. బట్టి మీది పాపం చెట్టు మీదికి పోయింది. ఊళ్ళో గీత ఆగింది, మోకూ కత్తీ అటకెక్కినాయి. ఈడిగోళ్ళ పిల్లలు తాత పని ఏమంటే చెప్పేదానికి సిగ్గుపడతారు. అదే పులిసే పని అమెరికాలో మావాడి గ్యారేజీలో సరదా, పక్కింటోళ్ళను పిలిచి చూపించే గొప్ప. పనికి మర్యాద ఉందా లేదా అన్నది అది ఏ భాషలో, ఎవరి నోట్లో ఉండాదో దాన్ని బట్టి పోతాది.

మావాడికి పంపిన పట్టీ ఇది: నానేసేది, మొలకేసేది, చెరిగేది, వేంచేది, ఇసిరేది, కాచేది, తోడేసేది, పొంగు, నురగ, మడ్డి, వడగట్టేది. హాప్స్ అనే చేదుపువ్వుకు మాత్రమే మన మాట దొరకలేదు. మిగిలినవన్నీ మనిండ్లల్లోనే, ఎక్కువ ఆడవాళ్ళ నోట్లో ఉన్నాయి.

మీ ఊళ్ళో ఊటను ఏమంటారు? కల్లు కుండకు, గీతకత్తికి, పొద్దుటి కల్లుకు పేర్లేమి? శ్రీనివాసపురం, బంగారుపేట, పలమనేరు, పుంగనూరు దిక్కు వాళ్ళు ముఖ్యంగా చెప్పండి. చెట్టెక్కిన తాత ఇంట్లో ఉంటే ఈ వారమే అడగండి. తాగమని కాదు, తాత చేసిన పనికి పేరు నిలవాలని.