స్టేషను: ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనువాడను. అయినా రోజూ నా నోట నలిగే మాటను గురించి నాలుగు ముక్కలు వ్రాయ సాహసిస్తున్నాను.

క్రిందటి సంక్రాంతికి హిందూపురం నుండి మా నాయన వచ్చారు. తిరుగు ప్రయాణం ముందురోజున "రేపు టేసనుకు ఎన్ని గంటలకు పోవాలిరా?" అని అడిగారు. మా పిల్లవాడు ఫక్కున నవ్వి, "టేసను కాదు తాతా, స్టేషన్" అని దిద్దాడు. ఆయన ఏమీ అనలేదు. కాని ఆ రాత్రి భోజనాల దగ్గర మాట తగ్గించారు. నాకు మనసు చివుక్కుమన్నది. అప్పటినుండి ఈ మాట వెంట పడ్డాను.

'స్టేషను' ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. లాటిన్‌లోని 'స్టాటియో' నుండి వచ్చినది. దాని ధాతువుకు అర్థం నిలుచుట. సంస్కృతంలో 'స్థా' అన్న ధాతువుకూ అదే అర్థం. స్థానం, స్థితి, స్థావరం అందులోనివే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. అనగా స్టేషను మన స్థానానికి దాయాది!

మరి ఇక్కడి కన్నడ బోర్డులపై కనిపించే 'నిల్దాణ' మాటేమి? అందులోని 'నిల్' మన 'నిలు' ఒక్కటే. ఇది వేరొక కుటుంబం. తెలుగు, కన్నడం, తమిళం సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, తమలో తాము అక్కచెల్లెండ్రనీ 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించాడు. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఆ వ్యాసం అచ్చయినది. సంబంధం లేని రెండు కుటుంబాలూ 'నిలుచుట' నుండే బయలుదేరి ఒకే చోటికి చేరాయన్నమాట.

రోమనులకు ఈ మాట కావలి సిపాయి నిలిచే తావు. ఓడలు లంగరు వేసే రేవు కూడా. ఇంగ్లీషులో మనిషి అంతస్తుకు సైతం ఇదే మాట వాడారు. మన దేశంలో దొరలు, పటాలాలు కాపురముండే ఊరు స్టేషను అయినది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్‌ల నడుమ రైలు నడిచిన తరువాత బండి ఆగే చోటు అన్న అర్థమే ముందుకు వచ్చినది. దక్షిణాదిన తొలి ప్రయాణికుల రైలు 1856లో మద్రాసు రాయపురం నుండి కదిలినది.

మన బెంగళూరులో ఈ రెండు అర్థాలూ కలుసుకున్నాయి. 1809లో ఇక్కడ కంటోన్మెంటు వెలసినది. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకు తిరిగి అప్పగించినప్పుడు, ఈ భాగాన్ని మాత్రం 'సివిల్ అండ్ మిలిటరీ స్టేషను' పేరిట తెల్లవారు తమ చేతిలోనే ఉంచుకున్నారు. 1947లో గాని అది మైసూరుకు దక్కలేదు. జోలార్‌పేట నుండి కంటోన్మెంటుకు రైలు వచ్చినది 1864లో. అంటే స్టేషనులో స్టేషను! కన్నడిగులు కంటోన్మెంటును 'దండు' అంటారు. దండంటే సైన్యమని మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మా నాయన 'టేసను' సంగతి. మాట ఇల్లు మారినప్పుడు ఆ ఇంటి ఉచ్చారణకు లొంగుతుంది. స్తంభం మనకు కంబమైనది, స్నేహం నెయ్యమైనది. వాటిని తద్భవాలని గౌరవిస్తాము. స్టేషను టేసనైతే మాత్రం నవ్వుతాము! లాటిన్ మాటను ఇంగ్లీషువారు తమ నోటికి అనువుగా మలుచుకున్నప్పుడు తప్పు కానిది, రాయలసీమ రైతు నోట తప్పు ఎట్లవుతుంది?

ఇదంతా మా వానికి విడమర్చి చెప్పాను. కొంతసేపు ఊరకుండి, "అయితే తాతది తప్పు కాదా నాన్నా?" అన్నాడు. కాదన్నాను. ఈ ఉగాదికి తాత వస్తున్నారు. తీసుకురావడానికి తానే 'టేసనుకు' వస్తానంటున్నాడు.

పొట్ట చేతబట్టుకొని పరవూరు వచ్చినవారము. బండి ఆగే చోట్లు చాలా ఉంటవి. మనిషి నిలిచేది తన మాట మీద. బిడ్డలకు ఇంగ్లీషు నేర్పుదాము, కన్నడమూ నేర్పుదాము. పెద్దల నోటి తెలుగును చూచి నవ్వడం మాత్రం నేర్పవద్దు.